విజయమ్మ గారి ఇంట్లో ఆకుపచ్చ

పండుగ మొదటిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాటి పొద్దున, ప్రమీలాదేవి పెట్టుకున్న పని ఒక్కటే. గింజల అర్రలో జాడీ నిండా ఉన్న ఊదారంగు నీళ్లను పల్చటి గుడ్డలో వడగట్టి, అందులోంచి గ్లాసెడు తీసి పక్కనున్న గాజు సీసాలో పోయాలి. అత్తగారు పూల పనిలోకి పిలవకముందే అది అయిపోతే, మిగతా రోజంతా ఆమె చెప్పినట్టు వినవచ్చు.

ఆ గాజు సీసాలో, నీళ్ల నడుమ, ఒక వెంట్రుకకు స్ఫటికం వేలాడుతున్నది. వెంట్రుక ప్రమీలదే. దారానికి పోగులుంటాయి. పోగు పోగుకూ ఒక పలుకు పుట్టి పెద్దదాని తిండి తింటుంది. వెంట్రుక నున్నగా ఉంటుంది. మూడు స్ఫటికాలు పాడుచేసుకున్నాక ఆమెకు ఈ సంగతి బోధపడింది. నాలుగు నెలల కింద కందిగింజంత ఉన్నది ఇప్పుడు చింతగింజను దాటింది. ఎనిమిది ముఖాలూ బద్ద పెట్టి గీసినంత సూటిగా ఉన్నాయి.

అది పటికే. కాకపోతే అందులో క్రోము పటిక కలిసింది. తెల్ల పటికలో అల్యూమినియం కూర్చునే చోట అక్కడక్కడా క్రోమియం కూర్చుంటుంది. దాని గుండా వెలుతురు పంపితే క్రోమియం పసుపు, ఆకుపచ్చ రంగుల్ని మింగేసి నీలాన్నీ ఎరుపునూ వదిలిపెడుతుంది. మింగిన చోట వర్ణపటంలో నల్ల పట్టీలు పడతాయి. ఆ పట్టీలను కొలిస్తే, స్ఫటికం లోపల క్రోమియానికి ఇరుగుపొరుగు ఎవరో, ఎంత దగ్గరగా ఉన్నారో చెప్పవచ్చు.

ఇదంతా పేరుకు ఆమె భర్త దామోదర్ పని. ఆయన సిద్దిపేట బడిలో సైన్సు చెప్తాడు. దసరా మరునాడు ఈ స్ఫటికాన్ని పట్నం తీసుకుపోతే, అక్కడి కాలేజీ ప్రొఫెసర్ వర్ణపటాలు తీసే యంత్రాన్ని ఒక్క రోజుకు ఆయన చేతికిస్తానన్నాడు. పట్టీలు సరిగా పడితే డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం, పట్నంలో కాపురం. పెళ్లినాటికి ప్రమీల పట్నంలో బీఎస్సీ ఆఖరి ఏడు చదువుతున్నది. ఆ ఒక్క ఏడూ మిగిలిపోయింది. "పట్నం పోయినంక పూర్తి చేద్దువు తియ్" అని దామోదర్ మూడేళ్లుగా అంటున్నాడు. కనుక స్ఫటికం ఆయనదే అయినా దాని మంచిచెడ్డలు ఆమె చూస్తున్నది. నాలుగు నెలల్లో ఆయన దాని విషయంలో స్వయంగా కల్పించుకున్నది రెండుసార్లు. క్రోము పటిక వందకు అయిదు పాళ్లు చాలని ఆమె అంటే ఇరవై వేయించాడు. చింతగింజంత చాలని ఆమె అంటే బొటనవేలంత కావాలన్నాడు.

యుద్ధం ముగిసి రెండు నెలలైనా క్రోము పటిక ఇంకా బజారుకు రాలేదు. జాడీలో ఉన్నదే ఆఖరు. గాజు సీసాలో నీళ్లు రోజుకు కొంత ఆవిరైపోతాయి. ఆ లోటును జాడీలోని చిక్కటి నీళ్లతోనే పూడ్చాలి. ఉత్త నీళ్లు పోస్తే స్ఫటికం కరుగుతుంది. ఏమీ పోయకపోతే నీళ్లు దిగి, స్ఫటికం పైకి తేలి గాలికి పొరలు లేస్తుంది.

ప్రమీల జాడీ మూత తీసింది. అడుగున రెండు వేళ్ల లోతు మిగిలింది.

"అత్తమ్మా, జాడిల నీళ్లేవి?"

వాకిట్లో అత్తగారు చిలుకమ్మ, పనిమనిషి ఐలవ్వ గునుగుపూల కట్టలు ముందేసుకుని కూర్చున్నారు. తెల్లగా ఉండవలసిన గునుగు సగానికి సగం ఊదాగా ఉంది. పక్కన ఇత్తడి గంగాళం. గంగాళంలో ఆకులు, పుల్లలు, పుప్పొడి, ఒక చీమ.

"ఏ నీళ్లు? గా రంగు నీళ్లా? గీడున్నయి సూడు. నా కొడుకు పట్నంకెళ్లి రంగు తెచ్చి అర్రల దాసిపెట్టిండు. నాకు ఎర్కగాదనుకున్నడు. రెండేండ్ల సంది బజార్ల రంగు పుడియ దొరుకుతలేదు, బోసి గునుగుతోనే పేరుస్తిమి. ఈయేడు సూడు, ఎట్లున్నయో!"

"అది పూల రంగు కాదత్తమ్మా! సీస ముట్టొద్దని చెప్పిన గద!"

"సీస ముట్టొద్దన్నవు. ముట్టలె. జాడి ముట్టొద్దని చెప్పినవా?"

ప్రమీల ఆలోచించింది. చెప్పలేదు. తప్పు తనదేనని ఒప్పుకోవడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో చిలుకమ్మ ఇంకో మూడు కట్టలు ముంచింది.

"గంగాళంల పోసినయి గాక ఇంకేమన్న మిగిలినయా?"

"విజయమ్మ వదినెకు చెంబెడు పంపిన. పాపం, ఆమెకూ రంగు లేదు. మన ఇంట్ల ఉన్నప్పుడు ఇరుగుపొరుగుకు పెట్టాలె గద."

చెంబెడు నీళ్లు. దసరా దాకా సీసాకు సరిగ్గా సరిపోతాయి. ప్రమీల తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పక్కింటికి పోయింది.

విజయమ్మ ఇల్లు గోడకు అవతలే. ఆమెకు చిలుకమ్మ ఈడే ఉంటుంది. వంటలో, వడియాల్లో, పూల పేర్పులో పద్ధతి తప్పని మనిషి. ప్రమీల పోయేసరికి ఆమె పొయ్యి ముందు నిలబడి కుండలోకి తొంగిచూస్తున్నది. కుండలో నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. అవి ఆకుపచ్చగా ఉన్నాయి.

"రా బిడ్డా, నువ్వే రావాలె. ఏందిది?" అన్నది విజయమ్మ. "మీ అత్త ఊదా అని పంపె. కుండల పోసినప్పుడు ఊదానే ఉండె. మసిలినంక గిట్లయింది."

క్రోము పటిక నీళ్లు మరిగితే ఆకుపచ్చగా మారతాయని ప్రమీల చదివింది. చూడటం ఇదే మొదలు. ఎంత బాధలో ఉన్నా ఆమె కుండ మీదికి వంగి ఒక క్షణం ఇష్టంగా చూసింది. అది విజయమ్మ గమనించింది.

"ఎందుకు మసలబెట్టిన్రు చిన్నత్తమ్మా?"

"మసలబెట్టకుంటె రంగు పువ్వుకు పడ్తదా? మీ అత్తకు అన్నిట్ల తొందరే. నేను మా అవ్వ నేర్పిన తీరు తప్ప. ఏం కలిపిన్రు ఇండ్ల?"

"ఏం కలపలె. మసిలితె అది గిట్లనే అయితది."

"మీ అత్తకెర్కనా?"

"ఎర్కలేదు."

"నీకెర్కనా?"

"పుస్తకంల చదివిన."

"ఎర్కుండి చెప్పలె," అన్నది విజయమ్మ, తనతో తాను అన్నట్టు.

ప్రమీల గొంతు తగ్గించి అడిగింది. "పారబోయకున్రి చిన్నత్తమ్మా. సల్లారి కొన్ని దినాలుంటె మల్ల ఊదా అయితది. అప్పుడు నాకియ్యిన్రి. మస్తు అవసరమున్నది."

విజయమ్మ కుండ దింపి మూత పెట్టింది. "ఊదా అని పంపిస్తిరి. పచ్చగ అయ్యె. మల్ల ఊదా అయినంక వాపస్ తీస్కపోతవా? మంచిగున్నది బిడ్డా మీ ఇంటి ముచ్చట. ఇది నా తాన్నె ఉంటది."

ఆ సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మలు పట్టుకుని ఊరి నడుమ బొడ్రాయి దగ్గర చేరారు. వెలుగుండగానే దించిపెట్టారు. చిలుకమ్మ బతుకమ్మ వరుస విడిచి వరుస ఊదారంగులో, అడుగు వెడల్పున, అడుగున్నర ఎత్తున నిలిచింది. చూసినవాళ్లంతా ఎక్కడి రంగని అడిగారు. విజయమ్మ బతుకమ్మలో పచ్చగునుగు తంగేడాకులో కలిసిపోయింది.

"వదినె పూలు మర్శిపోయి ఆకులు పేర్చినట్టుంది," అన్నది చిలుకమ్మ. నవ్వడానికే అన్నది. నలుగురూ నవ్వారు కూడా. విజయమ్మ నవ్వలేదు.

చీకటి పడింది. కందిళ్లు వెలిగించి తెచ్చారు. చప్పట్లు మొదలై రెండు చుట్లు తిరిగాయో లేదో, ఎవరో ఆగిపోయారు. వెనకవాళ్లు వాళ్లకు తగిలి ఆగారు. చిలుకమ్మ బతుకమ్మ ఎర్రగా ఉంది. కుంకుమ చల్లినట్టు, అడుగు నుంచి కొస దాకా ఎర్రగా.

"సూసిన్రా!" అన్నది విజయమ్మ. "పగలు ఊదా సూపె. నాకు పచ్చది పంపె. ఎర్రది ఆమె దాసుకునె!"

"నేనెందుకు దాసుకుంట? నావి ఊదానే!" చిలుకమ్మ వంగి పువ్వు తెంపి కందిలి దగ్గర పెట్టి చూసింది. ఇంకా ఎర్రగా కనిపించింది. "ఎవలో మార్చిన్రు. గీడనే మార్చిన్రు. పువ్వుకు పచ్చరంగేసుకున్నోళ్లకు కండ్లు మండినట్టున్నయి."

"కండ్లెవలియి మండినయే?"

"పేరు చెప్పిన్నా?"

ఇద్దరూ ఒక్కసారే ప్రమీల వైపు తిరిగారు. కాలేజీలో చదివిన మనిషి వాడకట్టు మొత్తానికీ ఆమె ఒక్కతే. ప్రమీల ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. పువ్వు ఒకటే, రంగూ ఒకటే. అది నీలాన్నీ ఎరుపునూ వదులుతుంది. పగటి వెలుతురులో నీలం మస్తుగా ఉంటుంది కాబట్టి ఊదాగా కనిపిస్తుంది. కందిలి వెలుతురులో నీలం తక్కువ, ఎరుపు ఎక్కువ. అందుకే ఎరుపు. మరగబెడితే క్రోమియం చుట్టూ ఉన్న నీళ్లు కొన్ని లేచిపోయి వాటి జాగలో వేరేవి వచ్చి కూర్చుంటాయి. అందుకే పచ్చ.

ఒక ముసలామె అడిగింది: "లేచిపోయిన నీళ్లు ఏడికి పోతయి బిడ్డా, కుండల్నే ఉండంగ?"

"కుండల్నే ఉంటయి అవ్వా."

"మరి లేచిపోవుడేంది?"

అబద్ధం ఏదైనా చెప్పి ఉంటే ఆ రాత్రే గొడవ చల్లారేది. ప్రమీల చెప్పింది నిజం కావడం వల్ల, ఆమె ఏదో దాస్తున్నదని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ పూట రెండు పక్షాలూ ఒప్పుకున్నది అదొక్కటే. మరునాడు బొడ్రాయి దగ్గర చుట్లు రెండయ్యాయి. ఒకటి చిలుకమ్మది, ఒకటి విజయమ్మది.

ఇంట్లో దామోదర్ సంగతంతా గంభీరంగా విన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని అర్రలో సీసాను చూసివచ్చాడు.

"ఇప్పుడే తీసేద్దామా?" అన్నది ప్రమీల. "చింతగింజ దాటింది. ఒక్క పగులు లేదు."

"బొటనవేలంత తెస్తనని రాసిన ప్రమీలా. మాట తప్పుతే ఎట్ల? నువ్వు ఏదన్న ఉపాయం చూడు." చెప్పి ఆయన బడి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకోవడానికి పోయాడు.

ఉపాయం ఒక్కటే ఉంది. విజయమ్మ కుండలో నీళ్లు తిరిగి ఊదా అయ్యేదాకా వేచి, అవి అడిగి తెచ్చుకోవాలి. ఎన్నాళ్లకు అవుతాయో పుస్తకంలో లేదు. 'నిలవ ఉంచితే' అని మాత్రం ఉంది. సీసాలో నీళ్లు స్ఫటికం మీద మూడు వేళ్ల ఎత్తున ఉన్నాయి. తొమ్మిది రోజులు రావాలి. కుండ ముందు తిరుగుతుందో, సీసా ముందు ఖాళీ అవుతుందో తెలియాలంటే రోజూ చూసి రాసుకోవాలి.

స్ఫటికం బరువులు రాసేది ఆమె కాలేజీ పాఠాల పాత నోటు పుస్తకంలో; అందులోనే ఆమె కొత్త పేజీ తీసింది. ఇదివరకు ఇంగ్లీషులో రాసేది. ఈ పేజీ తొందరలో తెలుగులో మొదలై అట్లాగే సాగింది. ఎవరు ఏమన్నదీ కూడా రాసింది. తన కంటికి కనబడిందే నిజమని రాయడం, అవతలివాళ్లు కాదన్నది వదిలేయడం ఆమెకు కాలేజీలో నేర్పలేదు.

"రెండో రోజు. విజయమ్మ గారి ఇంట్లో ఆకుపచ్చ. మా ఇంట్లో పగలు ఊదా, కందిలి ముందు ఎరుపు. అత్తమ్మ, విజయమ్మ గారు మాట్లాడుకోవడం లేదు."

"మూడో రోజు. విజయమ్మ గారి ఇంట్లో ఆకుపచ్చ. అర్రలో ఎనభై రెండు డిగ్రీల ఫారన్‌హీట్. విజయమ్మ గారి వంటింట్లో డిగ్రీలు కొలవనివ్వలేదు. వెచ్చగానే ఉంది."

"నాలుగో రోజు. కుండ అంచున కొద్దిగా బూడిద చాయ ఉందని నేను. లేదని విజయమ్మ గారు. ఉందని ఐలవ్వ. ఐలవ్వ చెప్పకుండా నాలుకకు రాసుకుని వగరుగా ఉందన్నది. ఇకముందు వద్దన్నాను."

ఐలవ్వ రెండిళ్లలోనూ పని చేస్తుంది కాబట్టి కుండ ముచ్చట ఇక్కడా, సీసా ముచ్చట అక్కడా చేరుతూనే ఉండేవి. ప్రమీల రోజూ ఒక సాకు పెట్టుకుని గోడ అవతలికి పోయేది. ఒకనాడు జల్లెడ, ఒకనాడు మిరపకాయలు, ఒకనాడు ఊరికే. విజయమ్మ ఆమెను కూర్చోమనేది కాదు, పొమ్మనేది కాదు. కుండ మూత తీసి చూపించి మళ్లీ పెట్టేది.

"సూస్కో. పచ్చగనే ఉన్నది గదా? ఆఖరి దినం, సద్దుల నాడు, నలుగుర్ల పెట్టి అడుగుత. మీ అత్త పంపింది ఇదేనా కాదా అని. అందాక ఇది ఉంటది."

అంటే పారబోయదు. ప్రమీలకు కావలసింది అదే. ఆమె తలవంచి ఇంటికి వచ్చి ఆ మాట కూడా రాసుకుంది.

అయిదోనాడు ఆమె చిలుకమ్మనైనా ఒప్పిద్దామని ఊదా గునుగు ఒక కట్ట తీసి, కిటికీ దగ్గర చూపించి, తర్వాత చీకటి అర్రలోకి తీసుకుపోయి కందిలి ముందు పెట్టింది. చిలుకమ్మ చూసింది. బయటికి తెచ్చి చూసింది. మళ్లీ లోపలికి తీసుకుపోయింది. అట్లా నాలుగుసార్లు తిరిగింది.

"బయట ఊదా, లోపల ఎరుపు," అన్నది.

"అవునత్తమ్మా. అదే నేను చెప్పేది."

"ఇన్ని దినాలు ఎర్కలేకపాయె," అన్నది చిలుకమ్మ నెమ్మదిగా. "గీ అర్రల ఏదో ఉన్నది."

ఆ మధ్యాహ్నమే అర్రకు సాంబ్రాణి పొగ వేయించింది. పొగ సీసాలోకి పోకుండా ప్రమీల దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద తన కొంగు కప్పి, గంటసేపు దగ్గుతూ కూర్చుంది. "అయిదో రోజు. అర్రలో తొంభై ఒకటి. కారణం సాంబ్రాణి," అని రాసింది.

ఆరోనాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. అమ్మవారే అలిగిన రోజు కనుక ఇద్దరు వదినెల అలక ఎవరి కంటికీ ప్రత్యేకంగా ఆనలేదు. కుండలో మాత్రం ఆ రోజే కదలిక వచ్చింది. అంచున బూడిద చాయ ఉందని విజయమ్మ కూడా అన్నది, కాకపోతే అది కుండ మసి అన్నది. ఏడోనాడు ఆమె కుండ చూపించలేదు. "ఊకూకె సూస్తె నీ దిష్టి తగులుతది," అని మూత మీద గుడ్డ కట్టి ముడివేసింది.

ఎనిమిదోనాటి పొద్దున సీసాలో స్ఫటికం కొన నీళ్ల పైకి తేలింది. పెసరగింజంత కొన. అంత మేర మెరుపు పోయి తెల్లటి పొర కట్టింది. ప్రమీల ఆ రోజు పుస్తకంలో ఒక్క మాటే రాసింది: "తేలింది." జాడీ అడుగున మిగిలినది ఎప్పుడో పోసేసింది. గంగాళంలో నీళ్లు చీమతో సహా ఐలవ్వ మొదటిరోజే పారబోసింది. ఆమె తిన్నగా గోడ దగ్గరికి పోయి, సాకులేవీ పెట్టుకోకుండా అడిగింది.

"చిన్నత్తమ్మా, మీ కాళ్లు మొక్కుత. గా నీళ్లు ఊదా అయినయో లేదో ఒక్కపారి సూడనియ్యిన్రి. అయితె గ్లాసెడు చాలు. నా సదువు గా నీళ్లల్ల ఉన్నది."

విజయమ్మ చేతిలోని చాట కింద పెట్టి గోడ దగ్గరికి వచ్చింది.

"నీ మీద నాకేం లేదు బిడ్డా," అన్నది విజయమ్మ. "మీ అత్త రేపు నలుగుర్ల ఒప్పుకోవాలె. ఒప్పుకున్నంక కుండకు కుండ ఇస్త."

ప్రమీల అత్తగారి దగ్గరికి పోయింది. "అత్తమ్మా, రేపు ఒక్కమాట ఒప్పుకోరాదున్రి? పచ్చది మీరే పంపిన్రని."

"నేను పంపింది ఊదా."

"ఊదానే. కాని ఒప్పుకుంటె నాకు నీళ్లిస్తదట."

"అబద్ధమాడుమంటవా? సద్దుల బతుకమ్మ నాడు?"

అత్తగారు చెప్పేది అక్షరాలా సత్యం. విజయమ్మ చెప్పేదీ సత్యమే. ఈ గొడవలో ఇంతవరకు ఎవరూ ఒక్క అబద్ధమూ ఆడలేదు.

సద్దులనాడు ఊరి ఆడవాళ్లంతా చెరువు గట్టుకు చేరారు. ఇంకా పొద్దుంది. బతుకమ్మలను నీళ్లలో విడిచే ముందు విజయమ్మ అందరినీ ఆగమంది. గుడ్డ కట్టిన కుండను నెత్తి మీంచి దించింది. ప్రమీల ఖాళీ చెంబు కొంగు కింద పట్టుకుని ముందు వరుసలో నిలబడింది.

"అందరు సూడున్రి," అన్నది విజయమ్మ. "ఎంగిలిపూల నాడు చిలుకమ్మ వదినె నాకు పంపిన రంగు ఇది. పువ్వుకు పచ్చరంగు ఎవలన్న పంపుతరా? ఎనిమిది దినాలు ముట్టకుండ దాసిన."

ముడి విప్పింది. మూత తీసింది. అందరూ వంగి చూశారు.

కుండలో నీళ్లు ఊదాగా ఉన్నాయి. కొంచెం మబ్బు పట్టినట్టున్నా, ఊదానే.

"పచ్చ ఏది వదినె?" అన్నది చిలుకమ్మ.

విజయమ్మ కుండలోకి చూసింది. మూత తిప్పి చూసింది. గుడ్డ దులిపి చూసింది. ఎనిమిది రోజులుగా ఆ మనిషి పట్టుకుని ఉన్న సాక్ష్యం అందరి ముందూ ఆమెనే అబద్ధాలకోరును చేసింది.

"ఆమె నిజమే చెప్తున్నది!" ప్రమీల గట్టిగా అన్నది. "పచ్చగనే ఉండె. రోజు నేను సూసిన, రాసిపెట్టిన. అదంతట అదే తిరిగింది!"

"అదంతట అదే తిరిగిందట!" ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గట్టు పొడుగునా పాకింది.

"మార్చిన్రు," అన్నది విజయమ్మ. "నా ఇంట్ల సొచ్చి మార్చిన్రు. తీస్కోన్రి మీ ఊదా!"

ప్రమీల చెంబు బయటికి తీసి ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసేలోపు కుండ చెరువులో పడింది. ఊదారంగు ఒక్క క్షణం నీళ్ల మీద విచ్చుకుని, తామరాకుల కిందికి పోయింది.

ఇంటికి వచ్చి ఆమె పుస్తకంలో "తొమ్మిదో రోజు. ఊదా," అని రాసి, స్ఫటికాన్ని సీసాలోంచి తీసింది. వెంట్రుకను కత్తెరతో కత్తిరించింది. కొన మొద్దుబారినా మిగతాదంతా బాగానే ఉంది. బొటనవేలంత కాలేదు. గోరంత వెడల్పు వచ్చింది. దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చింది. ప్రొఫెసర్ బరువులు, తేదీలు అడుగుతాడేమోనని దామోదర్ నోటు పుస్తకం కూడా సంచిలో వేసుకున్నాడు. లోపల ఏముందో తెరిచి చూడలేదు. నాలుగు నెలలుగా ఎన్నడూ చూడలేదు.

మూడోరోజు బస్సు దిగి వచ్చిన ఆయన ముఖం చూస్తేనే అర్థమైంది.

"పట్టీలు పడలేదా?" అన్నది ప్రమీల.

"పట్టీలా?" దామోదర్ అరుగు మీద కూర్చున్నాడు. "మొత్తం నలుపే ప్రమీలా. ఈ కొసకెల్లి ఆ కొసదాక. ఎర్ర కొసన ఇంత సందు తప్ప వెలుతురే దాటలె. క్రోమియం ఎక్కువైందట, మందం ఎక్కువైందట. చూసి రాస్తనన్నడు. పుస్తకం ఆయన తాన్నె పెట్టుకున్నడు."

అయిదు పాళ్లు చాలని తను అన్న సంగతి ప్రమీల ఎత్తలేదు. పొయ్యి మీద అన్నం మాడుతుంటే దించడానికి పోయింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ చదువు మాట ఎత్తలేదు, పట్నం మాట ఎత్తలేదు. చిలుకమ్మ కూడా మెత్తగా మాట్లాడింది. అదే అన్నిటికంటె భారంగా అనిపించింది.

పదకొండోనాడు ఉత్తరం వచ్చింది. మందపాటి కవరు. ప్రొఫెసర్ రాజమండ్రి వైపు మనిషి, తెలుగులోనే రాశాడు. దామోదర్ అరుగు మీద నిలబడి పైకి చదివాడు. చిలుకమ్మ స్తంభానికి ఆనుకుని వింటున్నది. గోడ అవతల చాట చప్పుడు ఆగిపోయింది.

"'ఈ పుస్తకం రాసిన వారికి. స్ఫటికం చూశాను. చూడ చక్కనిది, కొలతకు పనికిరానిది. దాని సంగతి వదిలేయండి. నాకు కావలసింది పుస్తకం చివరి ఎనిమిది పేజీల్లో ఉంది. మరిగించిన క్రోము పటిక ఇంటి వేడిలో ఏ రోజుకు ఎంత తిరుగుతుందో ఇంత వివరంగా రాసినవారిని నేను ఎరగను. సహాయకులు ఒకే విషయం మీద తలా ఒక మాట చెబితే అన్నీ రాయడం మరీ మెచ్చదగ్గది. నా ప్రయోగశాలలో అందరూ నాకు నచ్చిన అభిప్రాయమే రాస్తారు.'"

"సహాయకులెవరు?" అన్నది చిలుకమ్మ.

దామోదర్ చదువుతూ పోయాడు. గొంతు క్రమంగా సన్నబడింది. "'శ్రీమతి విజయమ్మ గారి ప్రయోగశాలలో పాత్ర మట్టిదా, లోహమా? అక్కడ ఉష్ణోగ్రత కొలవనివ్వకపోవడానికి కారణం ఏమిటి? పగటికీ దీపానికీ రంగు మారుతుందని మీ అత్తగారు లోపలికీ బయటికీ నాలుగుసార్లు వెళ్లి స్వయంగా సరిచూడటం ఎంతో పద్ధతిగా ఉంది. నాలుకతో పరీక్షించిన ఐలవ్వ గారు కుశలమని తలుస్తాను. పుస్తకం ముందు పేజీల్లో మీ బీఎస్సీ ఆఖరి సంవత్సరం పాఠాలు సగంలో ఆగాయి. వచ్చే జూన్‌లో మళ్లీ చేరండి. సీటు గురించి మాట్లాడాను. మధ్యాహ్నాలు నా దగ్గర ఈ పనే చేయవచ్చు, జీతం ఉంటుంది. మీ ముగ్గురు సహాయకుల్లో ఎవరైనా రాదలచుకున్నా సంతోషమే.'"

గోడ మీంచి విజయమ్మ తల పైకి లేచింది. పదిహేను రోజుల తర్వాత ఆ ఇంటివాళ్లతో ఆమె అన్న మొదటి మాట ఇది:

"మట్టిదని రాయి. దుబ్బాక కుమ్మరి చేసిన కుండ. లోహం గీహం నా ఇంట్ల లేదు."

"పచ్చగ ఉండెనని గూడ రాసిన్రా?" చిలుకమ్మ కొడుకును అడిగింది.

"ఆరు రోజులు పచ్చగనే ఉండెనని రాసుంది అమ్మా. ప్రొఫెసర్ అది నిజమే అంటుండు."

చిలుకమ్మ గోడ వైపు చూసింది. "అయితె మరి ఉండెనేమో వదినె," అన్నది.

"ఉండెనేమో గాదు. ఉండె."

"ఉండె తియ్."

ప్రమీల స్తంభం వెనక నిలబడి అత్తగారి ముఖం చూస్తున్నది. ఉత్తరం సంగతి సరే, పట్నం పోవాలంటే ఆమె నోటి నుంచి మాట రావాలి. చిలుకమ్మ తొందరపడలేదు. తన పేరున్న చోటును కొడుకుతో రెండోసారి చదివించుకుంది. 'ఎంతో పద్ధతిగా' అన్న దగ్గర విజయమ్మ వినేట్టు మూడోసారి చదివించింది.

"పెద్దమనిషి ఇంత మర్యాదగ పిలిచినంక ఎవలన్న పోవాలె గద," అన్నది చివరికి. "నాకు మోకాళ్లు నొస్తయి. వదినెకు బర్రెలున్నయి. ఐలవ్వ పోతె రెండిండ్ల పని ఆగుతది. ఇగ కోడలే పోతది, మా అందరి పేరు మీద. జూన్ అంటె ఎన్ని నెల్లున్నదిరా?"

"ఎనిమిది," అన్నాడు దామోదర్. కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి, వెనక వైపు కూడా చూసి, కవరులోకి మళ్లీ తొంగిచూశాడు.

అంత పెద్ద ఉత్తరంలో ఆయన పేరు చిరునామాలో తప్ప ఇంకెక్కడా లేదు.